స్టేజీ మీద షేక్‌హ్యాండ్ ఇప్పించేస్తే గొడవ అయిపోయినట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడి గురించే ఉన్నాయి, మార్కులూ ర్యాంకులూ కాదు, బడిలో పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా ఉంటున్నారనే దాని గురించి. నాలుగు తీసుకున్నా. మొదటిదానికి జవాబు బాగా పెద్దదైంది, ఆ టీచర్ గారు అడిగింది చిన్న విషయం కాదు కాబట్టి తగ్గించలేదు. పేర్లూ ఊర్లూ తీసేశాం.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తానండి. దసరా సెలవులకి ముందు కబడ్డీ ఆడుతుండగా తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఇంకో అబ్బాయిని కులం పేరుతో తిట్టాడు, అది కొట్టుకునేదాకా వెళ్ళింది, సాయంత్రం బస్టాండ్ దగ్గర రెండు వైపులా పిల్లలు పోగయ్యారు. మర్నాడు ఊరి పెద్దలు వచ్చారు, హెచ్ఎం గారు ఇద్దర్నీ ప్రేయర్‌లో స్టేజీ ఎక్కించి సారీ చెప్పించి షేక్‌హ్యాండ్ ఇప్పించారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు గొడవలేం లేవు కానీ తిట్టు పడిన పిల్లాడు సగం రోజులు రావట్లేదు, ఎస్సీ కాలనీ పిల్లలు గ్రౌండ్ వైపే రావట్లేదు, మధ్యాహ్నం భోజనాల దగ్గర విడిగా కూర్చుంటున్నారు. ఏమన్నా అంటే "సద్దుమణిగింది కదా మేడమ్, మళ్ళీ ఎందుకు కెలకడం" అంటున్నారు. నేనేం చెయ్యాలి?
– ఒక టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: మేడమ్, అది సద్దుమణగడం కాదండీ, ఒక వైపు వాళ్ళు తప్పుకున్నారు, అంతే. తిట్టినవాడు రోజూ బడికొస్తున్నాడు, తిట్టు పడినవాడు ఇంట్లో ఉంటున్నాడు, గ్రౌండ్ ఒకళ్ళది అయిపోయింది. మీరు అటెండెన్స్ చూసి ఇది పట్టుకున్నారు, చాలామంది అది చూడరు, అరుపులు వినపడట్లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటారు.

ముందు ఆ స్టేజీ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇది ఎన్నో బళ్ళలో చేస్తారు, మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఆ పిల్లాడి వైపు నుంచి చూడండి. గ్రౌండ్‌లో నలుగురి ముందు మాట పడ్డాడు, మర్నాడు బడి మొత్తానికీ ఆ సంగతి తెలిసేలా నిలబెట్టారు, పైగా నవ్వుతూ చెయ్యి కలపమన్నారు. వాడు "కలపను సార్" అనగలడా? హెచ్ఎం గారున్నారు, పీఈటీ సార్ ఉన్నారు, ఊరి పెద్దలున్నారు, వాళ్ళలో ఎవరిదో ఒకరి పొలంలో వాడి అమ్మానాన్నా కూలికి వెళ్తూ ఉండొచ్చు. వాడక్కడ క్షమించలేదు మేడమ్, చెప్పిన పని చేశాడు. అసలు వాడికేం కావాలో ఎవరన్నా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నా, మొదలుపెట్టాల్సింది అక్కడే.

కాబట్టి ముందు ఆ పిల్లాడితో, వాళ్ళమ్మానాన్నతో మాట్లాడండి, వీలైతే మీరే వాళ్ళింటికి వెళ్ళండి, హెచ్ఎం రూమ్‌కి పిలిపిస్తే వాళ్ళు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడతారు. వెళ్ళాక "మర్చిపో నాన్నా" అనొద్దు. ఏం జరిగింది, ఆ రోజు నుంచి ఎలా ఉంది, బడికి రావాలంటే ఏం మారాలి, ఇవి అడిగి వినండి. వాడు చెప్పేది మీరు ఊహించింది కాకపోవచ్చు. ఆ అబ్బాయి కంటే పక్కన నిలబడి నవ్విన వాళ్ళ మీదే కోపం ఉండొచ్చు, చూసి కూడా ఏమీ అనని సార్ మీద ఉండొచ్చు, వాడికి కావాల్సింది ఇంకో సారీ కాకుండా కబడ్డీ టీమ్‌లో తన చోటు తనకి ఉండడమే కావచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నా. ఆ కుటుంబం కంప్లయింట్ ఇస్తామంటే బడి తరఫున ఎవరూ వద్దనకూడదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, కులం పేరుతో అందరి ముందు అవమానించడం 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు కాబట్టి కేసు పెట్టినా జువెనైల్ జస్టిస్ పద్ధతిలోనే చూస్తారు, పిల్లాడి జీవితం అయిపోతుందని భయపెట్టి ఆపాల్సిన పనిలేదు. కంప్లయింట్ ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళిష్టం, బడి చెయ్యాల్సిన పని బడి ఎలాగూ చెయ్యాలి, రెండూ ఒకదానికి ఒకటి అడ్డం కాదు.

ఇక తిట్టిన అబ్బాయి. వాణ్ణి కొట్టడం, గోడ కుర్చీ వేయించడం, వంద సార్లు రాయించడం వల్ల వాడికి అర్థమయ్యేది ఒక్కటే, దొరక్కుండా తిట్టాలని. వాడితో కూడా విడిగా కూర్చోండి. ఆ మాట వాడు కనిపెట్టలేదు, ఇంట్లోనో, అరుగుల దగ్గరో, ఫోన్లో ఏ వీడియోలోనో విన్నాడు. ఆ మాట వెనక ఏముందో, ఎంతమందిని ఎన్ని తరాలు ఊరి బయట ఉంచారో, బావి దగ్గరికి రానివ్వలేదో మీరు సోషల్ టీచర్ కాబట్టి మీకంటే బాగా ఎవరు చెప్పగలరు? తను చేసింది ఏమిటో తన నోటితో, "వాడు కూడా అన్నాడు" అని కలపకుండా చెప్పగలిగేదాకా వాణ్ణి ఎదుటి పిల్లాడి ముందుకి తీసుకురావద్దు. వాళ్ళ నాన్నతో కూడా మాట్లాడాలి, అది కష్టమే, కానీ తప్పదు.

ఆ తర్వాత, తిట్టు పడిన పిల్లాడు సరే అంటేనే, ఇద్దర్నీ కూర్చోబెట్టండి. స్టేజీ మీద కాదు, ఒక ఖాళీ క్లాస్‌రూమ్‌లో. వాడికి నమ్మకం ఉన్న మనిషి ఒకరు వాడి పక్కన ఉండాలి, అమ్మ కావచ్చు, అన్న కావచ్చు, వాడికిష్టమైన టీచర్ కావచ్చు. ఊరి పెద్దలు వద్దు, వాళ్ళొస్తే పిల్లల మాట పోయి పార్టీల మాట వస్తుంది. ముందు దెబ్బ తిన్నవాడు మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు. చివర్లో ఎవరు ఏం చేస్తామన్నారో కాగితం మీద రాసుకుని, కొన్ని వారాల తర్వాత మళ్ళీ కూర్చుని చూసుకోండి, ఆ రెండోసారి కూర్చోడం మర్చిపోతే మొదటిసారిది వృథా. వాడు కూర్చోనంటే? కూర్చోడు, అంతే. వాడిమీద ఒత్తిడి పెట్టకుండానే మిగతా పనులు చెయ్యొచ్చు.

ఆ మిగతా పనులే అసలు పనులు నన్నడిగితే. భోజనాల సంగతి తీసుకోండి. ప్రభుత్వ బళ్ళలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్లో అదే కోర్టు వంటవాళ్ళుగా, హెల్పర్లుగా దళితులకీ ఎస్సీ ఎస్టీలకీ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చెప్పింది. ఆకలి తీరడంతో పాటు పిల్లలు కులం చూడకుండా కలిసి తినాలన్నది ఈ పథకంలో మొదట్నుంచీ ఉన్న ఆలోచన. కాబట్టి విడిగా కూర్చుంటుంటే "వాళ్ళిష్టం" అని వదిలెయ్యొద్దు. కూర్చునే వరసలు రోల్ నంబర్ల ప్రకారం పెట్టి నెలకోసారి మార్చండి, క్లాసులో బెంచీలు కూడా అంతే. టీచర్లు కూడా క్యారేజీ పక్కన పెట్టి అదే అన్నం అదే వరసలో కూర్చుని తినాలి, స్టాఫ్‌రూమ్‌లో టీచర్లే విడివిడిగా తింటుంటే పిల్లలకి చెప్పడానికి మనకి నోరు రాదు.

ఇంకా పైకి కనపడని విషయాలు కొన్నుంటాయి. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు "ఎస్సీ వాళ్ళు లేవండి, బీసీ వాళ్ళు లేవండి" అని క్లాసులో లేపుతారు, అది ఎవరికీ చెడ్డపనిలా అనిపించదు, కానీ లేచి నిలబడే పిల్లలకి తెలుసు అదెలా ఉంటుందో. తమిళనాడులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో 2023 ఆగస్టులో దళిత కుటుంబంలో అన్నాచెల్లెళ్ళ మీద తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్ళతో దాడి చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి జస్టిస్ చంద్రు గారితో కమిటీ వేసింది, 2024 జూన్‌లో రిపోర్ట్ వచ్చింది. బళ్ళ పేర్లలో కులం పేర్లు తీసెయ్యాలని, కులాన్ని చూపించే రంగు రంగుల చేతి తాళ్ళు వద్దని, పిల్లల కులం వివరాలు రహస్యంగా ఉంచాలని, క్లాసులో అక్షర క్రమంలో కూర్చోబెట్టాలని అందులో సిఫార్సు చేశారు. ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు మేడమ్, వీటిల్లో చాలావరకు మీ క్లాసులో మీరే చెయ్యొచ్చు.

అయితే పక్కపక్కన కూర్చోబెడితే చాలా అంటే చాలదు. 1954లో అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ పదకొండేళ్ళ వయసు మగపిల్లల్ని ఒక క్యాంప్‌కి తీసుకెళ్ళి రెండు జట్లు చేసి పోటీలు పెట్టారు, వాళ్ళు కొన్ని రోజుల్లోనే ఒకళ్ళ జెండా ఒకళ్ళు తగలబెట్టుకునేదాకా వెళ్ళారు. తర్వాత కలిసి భోజనాలు పెడితే తిండి తీసి ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకున్నారు! కోపం తగ్గింది ఎప్పుడంటే క్యాంప్‌కి నీళ్ళు ఆగిపోయి ఇద్దరూ కలిసి వెతకాల్సి వచ్చినప్పుడు, లారీ ఆగిపోయి అందరూ కలిసి లాగాల్సి వచ్చినప్పుడు, అదీ ఒక్కసారికి కాదు, అలాంటివి వరసగా జరిగాక. అంటే ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళకి పని జరగని పరిస్థితి కావాలి.

క్లాసులో దాన్ని ఎలా తేవాలో ఇలియట్ ఆరన్సన్ అనే ఇంకో సైకాలజిస్ట్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బళ్ళలో చూపించారు, అక్కడ అప్పుడే నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ పిల్లల్ని ఒకే బళ్ళలో కలిపారు, రోజూ గొడవలే. ఆయన చేసింది మీ సబ్జెక్ట్‌లోనే చెప్తా. రుతుపవనాల పాఠం ఉందనుకోండి, ఐదు ముక్కలు చెయ్యండి, ఐదుగురేసి పిల్లల గ్రూపులు కట్టండి, మీరే కట్టాలి, వాళ్ళని కట్టుకోమంటే మళ్ళీ ఎవరి వాళ్ళు వాళ్ళతోనే కూర్చుంటారు. ఒక్కొక్కళ్ళకి ఒక్క ముక్క మాత్రమే ఇవ్వండి. అన్ని గ్రూపుల్లోనూ ఒకే ముక్క వచ్చిన పిల్లలు ముందు ఒకచోట చేరి దాన్ని బాగా నేర్చుకుంటారు, తర్వాత సొంత గ్రూపుకి వచ్చి మిగతా నలుగురికీ చెప్తారు. చివర్లో టెస్ట్ పాఠం మొత్తం మీద, మార్కులు ఎవరివి వాళ్ళవే. ఇప్పుడు పక్కవాడు చెప్పేది వినకపోతే నష్టపోయేది నేనే, వాణ్ణి హేళన చేస్తే వాడి ముక్క నాకు రాదు. వారానికి ఒకటి రెండు పీరియడ్లు, టర్మ్ మొత్తం చెయ్యండి, మొదటి రెండు మూడు సార్లు గోలగోలగా ఉంటుంది, ఆపెయ్యొద్దు.

చివరిగా, మీరొక్కరే మొయ్యొద్దు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం ఆడవాళ్ళు ఉండాలని, వెనకబడిన వర్గాల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యని బట్టి చోటుండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెప్తుంది. మీ కమిటీలో కాలనీ నుంచి ఎవరున్నారు, ఉన్నవాళ్ళు మీటింగ్‌లో కుర్చీలో కూర్చుంటున్నారా లేక గుమ్మం దగ్గర నిలబడి సంతకం పెట్టి వెళ్తున్నారా, అది కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా అండీ, మా వారి పని మీద హైదరాబాద్ వచ్చాం. ఆరో తరగతి చదివే మా పాప "ఏటి", "ఎల్లిపోనాది" అంటే క్లాసంతా నవ్వుతున్నారంట, టీచర్ కూడా నవ్వి ఇంకోసారి అనమన్నారంట. ఇప్పుడు బళ్ళో నోరే విప్పట్లేదు, ఇంట్లో నేను మాట్లాడినా "అలా మాట్లాడకు అమ్మా" అంటోంది. యాస మాన్పించాలా?
– ఒక అమ్మ, హైదరాబాద్

జవాబు: మాన్పించొద్దమ్మా. ఊరు మారిన పిల్లలు ఆ ఊరి మాట వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు, రెండు మాటలూ వస్తాయి, మంచిదే. కానీ అమ్మ మాట సిగ్గుపడాల్సిన విషయం అని పిల్ల అనుకోవడం మొదలుపెట్టింది చూశారా, దాన్ని ఇప్పుడే ఆపాలి.

మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజని. ఆయన 1863లో పుట్టింది మీ శ్రీకాకుళం వైపే. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని జీవితమంతా కొట్లాడిన మనిషి. అంతేనా, పర్లాకిమిడిలో పనిచేస్తూ కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో పాఠాలు రాసి బళ్ళు పెట్టించారు. పిల్లలు బడి భాషలోకి రావాలని కూర్చోకుండా బడినే పిల్లల భాషలోకి తీసుకెళ్ళారు. ఈ సంగతి మీ పాపకి చెప్పండి, గర్వంగా చెప్పండి.

టీచర్ని కలవండి, కలిసినప్పుడు దెబ్బలాటకి వెళ్ళినట్టు కాకుండా పాప మాట్లాడడం మానేసిందన్న విషయం చెప్పండి, చాలామంది టీచర్లకి అది సరదాగా అనిపించి ఉంటుంది తప్ప పిల్ల మూగపోతోందని తెలిసుండదు. తెలిసాక కూడా నవ్వితే ప్రిన్సిపాల్‌కి రాసివ్వండి, పిల్లల్ని మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ఉంది, అది ప్రైవేట్ స్కూల్స్‌కి కూడా వర్తిస్తుంది. తెలంగాణలో కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబర్ 9ని భాషా దినోత్సవంగా చేస్తారు, ఈ గడ్డ మీద మాట్లాడే తెలుగుని కూడా ఎన్నో ఏళ్ళు సినిమాల్లో, కాలేజీల్లో వెక్కిరించారు, ఆ బాధ ఏంటో హైదరాబాద్ వాళ్ళకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. ఈ రెండు రోజుల మధ్యలో ఒక పీరియడ్ పెట్టి పిల్లలందరూ ఇంట్లో వాడే మాటలు తెచ్చి చెప్పుకునేలా చెయ్యమని టీచర్ని అడిగి చూడండి, ఉర్దూ మాట్లాడే పిల్లలు, లంబాడీ పిల్లలు కూడా ఉండే ఉంటారు, వాళ్ళ మాటలూ రానివ్వండి. కాకపోతే మీ పాపని ఒక్కదాన్నే లేపి చెప్పించొద్దని ముందే చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. చెవి మిషన్ పెట్టుకునే తోటి పిల్లాణ్ణి నెలల తరబడి ఏడిపించాడని, మిషన్ దాచేస్తే అది పగిలిపోయిందని స్కూల్ వాళ్ళు పిలిచి చెప్పారు. టీసీ తీసుకోమంటున్నారు. డబ్బు కట్టేస్తానన్నాను, సారీ చెప్పిస్తానన్నాను. ఇంకేం చెయ్యాలి సార్, తల కొట్టేసినట్టుంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు మావాడు అలాంటివాడు కాదని వాదించకుండా ఇంకేం చెయ్యాలని అడిగారు, అందుకు మీ మీద గౌరవం కలిగింది. టీసీ సంగతి ముందు. ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి వెళ్ళగొట్టకూడదని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. అయితే దాన్ని పట్టుకుని స్కూల్ మీదకి వెళ్తే మీవాడికి 'నాన్న నన్ను తప్పించాడు' అనే అర్థమవుతుంది. "వాడు ఇక్కడే ఉండి సరిచేసుకుంటాడు, ఏం చెయ్యాలో చెప్పండి" అని అడగండి. వైకల్యం ఉన్నవాళ్ళని అందరి ముందు కావాలని అవమానించడం 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద జైలు శిక్ష పడే నేరం, అది మీవాడికి చెప్పండి, బెదిరించడానికి కాదు, ఎంత పెద్ద విషయమో తెలియడానికి.

మిషన్ డబ్బు మీరు వెంటనే కట్టండి, బేరం లేకుండా, ఎందుకంటే అది లేని ప్రతి రోజూ ఆ పిల్లాడికి పాఠం వినపడదు. మీవాడు తన పాకెట్ మనీ నుంచో, పండక్కి వచ్చిన డబ్బుల్నుంచో కొంత కలపాలి. క్షమాపణ మాత్రం స్వీట్ బాక్స్ పట్టుకుని చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళిపోయి చెప్పేది కాదు, వాళ్ళు ఏమీ అనలేక "పర్లేదు లెండి" అనాల్సి వస్తుంది. ముందు స్కూల్ ద్వారా అడిగించండి, ఇప్పుడు వద్దంటే ఉత్తరం రాసి టీచర్‌కి ఇవ్వమనండి. ఉత్తరంలో ఏం చేశాడో ఉండాలి, 'నన్ను క్షమించు' అని అడగొద్దు, క్షమించాలో వద్దో ఆ పిల్లాడి ఇష్టం. ఎప్పటికీ స్నేహం చెయ్యకపోవచ్చు, అది కూడా మీవాడు ఒప్పుకోవాలి.

స్కూల్ వాళ్ళకి కూడా ఒక మాట, ఈ కాలమ్ చూస్తే. ఆ పిల్లాడిది ముందు బెంచీనా? టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నారా, పిల్లల వైపు తిరిగా? వినికిడి తక్కువున్న పిల్లలు పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటారు. నెలల తరబడి ఏడిపిస్తుంటే ఎవరికీ చెప్పుకోలేకపోయాడంటే చెప్పుకోడానికి ఒక మనిషి లేరనే కదా, టీసీ ఇచ్చి ఒకణ్ణి పంపేస్తే ఆ లోటు తీరదు.

ప్రశ్న: నేను టెన్త్ చదువుతున్నా. మా క్లాస్‌లో ఒక అమ్మాయితో ఎవ్వరూ మాట్లాడరు, వాట్సాప్ గ్రూప్‌లో కూడా లేదు, తన మీద జోకులేస్తారు. నాకు బాధేస్తుంది కానీ మాట్లాడితే నన్ను కూడా పక్కన పెట్టేస్తారేమో అని భయం.
– పేరు వద్దు

జవాబు: నీ భయం నిజమైనదే తల్లీ, అందుకే పెద్ద పెద్ద పనులు చెయ్యమని చెప్పను. రేపు నోట్స్ అడుగు. ల్యాబ్‌లో పక్కన నిలబడు. బస్ దిగేటప్పుడు "రేపు టెస్ట్ ఎన్ని చాప్టర్లు" అని అడుగు. గ్రూప్‌లో జోకు వస్తే నవ్వే ఎమోజీ పెట్టకు, అది కూడా తనకి తెలుస్తుంది. నీలాగే ఇంకొకళ్ళకి కూడా బాధేస్తూ ఉంటుంది, వాళ్ళెవరో కనుక్కో, ఇద్దరైతే భయం సగమే. ఆ జోకులు తన శరీరం గురించో, ఫోటోలు పంపడమో, బెదిరించడమో అయితే మాత్రం నువ్వు ఒక్కదానివే మోయాల్సింది కాదు, స్క్రీన్‌షాట్ తీసి దాచి ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకుండా, నీకు నమ్మకం ఉన్న టీచర్‌కో అమ్మకో అదే రోజు చూపించు, వాళ్ళు పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చెయ్యి, అది పిల్లల కోసమే ఉన్న నంబర్, డబ్బులు పడవు, రాత్రి పూటైనా ఎత్తుతారు.